అటు నుంచీ మాట రావాలి: రాయపూర్ దారిలో దూరసభల కథ

1975 ఆగస్టు 1న రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్ జిల్లాల్లోని వందల పల్లెలు మొట్టమొదటిసారి టీవీ చూశాయి. అదే రోజు మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల పల్లెలకూ ఆ వింత చేరింది. బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టె, దాని పక్కన మూడు మీటర్ల వెడల్పున గొడుగులాంటి యాంటెనా. ఆ యాంటెనాకు వాడింది కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప వల. చవక, తేలిక, గాలికి ఆగుతుంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన ఆ ప్రయోగం పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో, రాష్ట్రానికి దాదాపు నాలుగు వందల చొప్పున మొత్తం 2,400 పల్లెలు. ఈ రిసీవర్ సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో.

దీనికి బీజం వేసినవాడు విక్రమ్ సారాభాయ్. 1969 సెప్టెంబరులో మన అణుశక్తి శాఖకూ అమెరికా నాసాకూ ఒప్పందం కుదిరింది. ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాళ్లు అరువిస్తారు; కార్యక్రమాలు, నేలమీది పరికరాలు మనవి. సారాభాయ్ 1971 డిసెంబరులో కన్నుమూశాడు. పని ఆగలేదు. ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భారతదేశానికి కనబడే చోటికి జరిపారు. పొద్దున గంటన్నర పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు: వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఆటపాట. హిందీలో, ఒడియాలో, తెలుగులో, కన్నడంలో. 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. మరుసటి ఏడాది రాయపూర్‌లోనూ హైదరాబాద్‌లోనూ దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు లేవడం ఆ ప్రయోగానికి కొనసాగింపే.

రాయపూర్‌కూ మనకూ ఉన్న బంధాల్లో దీన్ని ఎవరూ తలచుకోరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలుమార్గం గురించి చెబుతారు, ఆ దారిన పనికోసం పోయి రైల్వే కాలనీల్లో, ఫ్యాక్టరీ ఊళ్లలో స్థిరపడిన మనవాళ్ల గురించి చెబుతారు. దూరాన్ని జయించే సాంకేతికత ఈ రెండు నేలలకూ ఒకే రోజున, ఒకే ఆకాశం నుంచి దిగిందన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ రోజు మొదలైన కథే ఇవాళ నగర పాలక సభలు తెరమీద జరిగేదాకా వచ్చింది. ఆ రోజున్న లోపమే ఇవాళ్టికీ పూర్తిగా తీరలేదు. ఎరువు ఎప్పుడు వేయాలో ఢిల్లీ, అహ్మదాబాద్ పల్లెకు చెప్పాయి. మా ఊళ్లో ఎరువు దొరకడం లేదని పల్లె అదే పెట్టెలోంచి చెప్పే వీలు లేదు.

అధికారులకు దక్కిన రెండో దారి

లోపాన్ని మొదట గుర్తించినవాళ్లు ఆ ప్రయోగం చేసిన శాస్త్రవేత్తలే. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఇస్రో సొంతంగా నడిపిన చిన్న టీవీ కేంద్రం పల్లెజనాన్ని కార్యక్రమాల్లోకి తెచ్చింది. 1996లో మధ్యప్రదేశ్‌లోని ఝాబువా గిరిజన జిల్లాలో మరో అడుగు పడింది. 150 పల్లెల్లో రిసీవర్లు పెట్టారు, బ్లాకు కేంద్రాల్లో మాట్లాడే పరికరాలు పెట్టారు. బొమ్మ ఒకవైపే వచ్చేది, మాట మాత్రం రెండు వైపులా నడిచేది. పొలంలో పురుగు గురించి రైతు అడిగితే స్టూడియోలోని నిపుణుడు అప్పటికప్పుడు జవాబు చెప్పేవాడు. అప్పటికి రాయపూర్ కూడా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయింది 2000 నవంబరు 1న.

రెండువైపులా మాట్లాడే ఈ సదుపాయం త్వరగా పాకింది పల్లెలకు కాదు, కలెక్టరేట్లకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కలెక్టర్లతో జరిపే వీడియో సమీక్షలు దేశమంతా వార్త. కలెక్టరేట్లో వీడియో గది అంటే అప్పట్లో జిల్లా యంత్రాంగానికి గుండెదడ. అలాంటి పద్ధతే దేశస్థాయిలో 2015 మార్చి 25న ప్రధాని మోదీ మొదలుపెట్టిన 'ప్రగతి' సమీక్షల్లో కనిపించింది. అందులో ప్రధాని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో తెరమీద మాట్లాడి, ఆగిపోయిన ప్రాజెక్టులను కదిలిస్తారు.

ఇదంతా పనికొచ్చిందే. పై అధికారి కింది అధికారిని అడగడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే ఇదే కాలంలో రాజ్యాంగంలో మరో ప్రయత్నం సాగుతోంది. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో ఎన్నికైన పాలన ఉండాలి, క్రమం తప్పకుండా ఎన్నికలు జరగాలి, దళితులకు, గిరిజనులకు జనాభా ప్రకారం, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు ఉండాలి, మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు పెట్టాలి. అధికారాన్ని జనానికి దగ్గర చేయాలన్నది ఆ సవరణ ఉద్దేశం. దూరాన్ని దగ్గర చేసే సాంకేతికతేమో సచివాలయానికీ కలెక్టరేట్‌కూ మధ్యనే తిరిగింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి పాతికేళ్లు పైనే పట్టింది.

రాయపూర్‌లో ఆ సవరణ ఏ రూపంలో కనిపిస్తుందో చూద్దాం. 1867లో మున్సిపాలిటీ, 1967లో కార్పొరేషన్ అయిన ఊరు అది. 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటింది. 70 వార్డులు, 10 జోన్లు. మనం కార్పొరేటర్ అనే మనిషిని అక్కడ పార్షద్ అంటారు. సర్వసభ్య సమావేశానికి 'సామాన్య సభ' అని పేరు. దానికి అధ్యక్షత వహించేది హైదరాబాద్‌లోలా మేయరు కాదు, సభాపతి. రోజువారీ నిర్ణయాలు మేయరు ఎంచుకున్న మేయర్-ఇన్-కౌన్సిల్ చేతిలో ఉంటాయి. వార్డు కమిటీ మాత్రం ఒక్కో వార్డుకు కాక, జోన్‌లోని వార్డులన్నిటికీ కలిపి నడుస్తుంది. పది లక్షల జనాన్ని 10 జోన్లకు పంచి చూడండి, ఒక్కో కమిటీ కింద సుమారు లక్ష మంది. మురికివాడలో మంచినీళ్లు రాని ఇల్లాలికి ఆ కమిటీ కూడా దూరమే.

ఫోన్ పట్టుకున్న అడవి

అటు నుంచి మాట రావడమన్నది రాయపూర్ చుట్టుపక్కల నేలమీద నిజమైంది మున్సిపల్ భవనంలో కాదు. అది వచ్చిన దారి వేరు.

ముందు మన జహీరాబాద్ సంగతి. సైట్ టీవీ పెట్టెలు చూసిన మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు తమ భాషలో, తమ పంటల గురించి, తమ పాటలతో నడిపిన కమ్యూనిటీ రేడియో అది. 1975లో వినడమే తెలిసిన జిల్లా 2008లో తన స్టేషను తానే నడుపుకుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. మన దేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. రేషన్ రాలేదన్నా, కూలీ డబ్బు పడలేదన్నా అది వార్త కిందికి రావచ్చు.

ఈ చిక్కును దాటిన ఆవిష్కరణ ఛత్తీస్‌గఢ్‌ది. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలోని బిల్ థైస్ వంటి సాంకేతిక నిపుణుల తోడ్పాటుతో 2010 ఫిబ్రవరిలో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. రేడియోకు లైసెన్సు కావాలి, ఫోనుకు అక్కర్లేదు. పేపరుకు చదువు కావాలి, ఫోనుకు అక్కర్లేదు. ఇంటర్నెట్ అసలే లేదు. ఉన్నదల్లా అప్పుడప్పుడే అడవి పల్లెలకు చేరుతున్న చిన్న బటన్ ఫోను.

అది పనిచేసే తీరు చూస్తే ఎంత ఆలోచించి కట్టారో తెలుస్తుంది. మనిషి ఒక నంబరుకు ఫోను చేస్తాడు. రికార్డయిన గొంతు పలుకుతుంది: చెప్పుకోవాలంటే ఒకటి నొక్కండి, వినాలంటే రెండు నొక్కండి. ఒకటి నొక్కినవాడు తన ఊరు పేరు, తన పేరు, సమస్య, దానికి బాధ్యుడైన అధికారి ఎవరో, అతని ఫోను నంబరు ఏదో చెప్పి పెట్టేస్తాడు. అవతల మోడరేటర్లు ఆ మాట విని, సంగతి సరిచూసుకుని విడుదల చేస్తారు. రెండు నొక్కిన ప్రతివాడికీ అది వినిపిస్తుంది. నగరాల్లో విన్నవాళ్లు ఆ అధికారికి ఫోన్లు చేస్తారు. పని జరిగితే ఆ పల్లెమనిషే మళ్లీ ఒకటి నొక్కి చెబుతాడు, ఫలానా చేతిపంపు బాగుచేశారని. తర్వాత్తర్వాత డబ్బు ఖర్చు కాకుండా మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి చేసే ఏర్పాటూ వచ్చింది. హిందీతోపాటు గోండి, ఛత్తీస్‌గఢీ, కురుఖ్ గొంతులు అందులో వినిపించాయి. గోండిలో వార్త చెప్పే పేపరు గానీ ఛానెలు గానీ అప్పటికి దాదాపు లేవు. ఫోనులో మాత్రం గోండి పలికింది. 2014లో ఈ పనికి శుభ్రాంశు చౌధరికి ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ ఉద్యమ పురస్కారం ఇచ్చింది.

ఇక్కడ ఒక సూత్రం దొరికింది. దూరం నుంచి జనం మాట్లాడాలంటే కొత్త యంత్రం వారి చేతికి ఇవ్వనక్కర్లేదు, వారి చేతిలో ఇప్పటికే ఉన్న యంత్రం దగ్గరికి సభ రావాలి. మాట్లాడడానికి వారి భాష చెల్లాలి. చెప్పిన దానికి ఒక అధికారి పేరు జోడవ్వాలి. ఏం జరిగిందో తిరిగి చెప్పే దారి ఉండాలి. ఈ నాలుగూ ఉంటేనే అది సభ. ఒక్కటి తప్పినా అది ప్రసారమే. మన ఊళ్లలో సోమవారాల్లో జరిగే 'డయల్ యువర్ కమిషనర్' కార్యక్రమం జనంలో నిలిచిందంటే కారణం ఇదే: మామూలు ఫోను, మన మాట, అవతల జవాబు చెప్పాల్సిన మనిషి.

ఒకే గాంధీ జయంతి, రెండు రాష్ట్రాలు

2019 అక్టోబరు 2. గాంధీ 150వ జయంతి. ఆ రోజు తూర్పు గోదావరి జిల్లా కరపలో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థను ప్రారంభించారు. అదే రోజు ఛత్తీస్‌గఢ్‌లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ముఖ్యమంత్రి వార్డు కార్యాలయ పథకాన్నీ, మురికివాడల ఆరోగ్య పథకాన్నీ ప్రారంభించింది. ఒకరినొకరు చూసి చేసిన పనులు కావివి. నగరపాలన పెద్ద భవనంలోంచి వీధిలోకి రావాలన్న ఆలోచన రెండు చోట్లా ఒకేసారి పండింది.

వీధిదీపం వెలగకపోయినా, కుళాయి పగిలినా, చెత్త ఎత్తకపోయినా వార్డులోనే చెప్పుకోవచ్చు, పన్ను అక్కడే కట్టవచ్చు అన్నది ఛత్తీస్‌గఢ్ వార్డు కార్యాలయాల లక్ష్యం. పట్టణాల ఫిర్యాదులకు 'నిదాన్' పేరుతో 1100 నంబరు వేరే ఉంది. పైకి చూస్తే ఇవి చిన్న ఏర్పాట్లు. కానీ కూలికి పోయే మనిషికి నగరపాలక కార్యాలయానికి వెళ్లడమంటే ఒకరోజు కూలి పోవడం. ఆ కూలి నష్టం లేకుండా ఫిర్యాదు చేయగలిగితే అతనికీ, కారులో వెళ్లి కమిషనర్‌ను కలవగల మనిషికీ మధ్య ఉన్న తేడా కొంత తగ్గుతుంది. సమానత్వం పట్టణంలో ముందు ఇలాంటి చోట్లే పరీక్షకు నిలబడుతుంది.

ఆరు నెలలు తిరిగేసరికి కరోనా లాక్‌డౌన్ వచ్చింది.

తెరమీదికి ఎక్కిన కౌన్సిల్

2020 మార్చి చివరి వారంలో ఊళ్లన్నీ మూతపడ్డాయి. శానిటైజేషన్ పనులకు డబ్బు మంజూరు కావాలి, బడ్జెట్లు ఆమోదం పొందాలి, కౌన్సిల్ మాత్రం కూడలేదు. మన పాత మున్సిపల్ చట్టాలు రాసినవాళ్లకు సభ్యుడు సభకు 'హాజరు' కావడమంటే హాల్లో కూర్చోవడమే. కంపెనీల చట్టం 2013లోనే డైరెక్టర్లు వీడియోలో పాల్గొనడానికి ఒప్పుకుంది. ఊరి సభ్యులకు ఆ వీలు ఎవరూ రాయలేదు. లాభనష్టాలు చూసుకునే బోర్డుకు చట్టం ముందే దారి తీసి, జనం ఓటేసి పంపిన సభను మరిచిపోయింది.

ప్రపంచమంతా ఇదే తంటా. బ్రిటన్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 4 నుంచి స్థానిక కౌన్సిళ్లు దూరం నుంచి సమావేశం కావచ్చని తాత్కాలిక నిబంధన తెచ్చింది. 2021 మే మొదటి వారంలో దాని గడువు తీరింది. పొడిగింపు లేకున్నా అలాగే జరుపుకోవచ్చా అని అంతకుముందే కౌన్సిళ్ల తరఫున కోర్టుకెక్కితే, 1972 నాటి చట్టంలో 'సమావేశం' అంటే ఒకచోట కూడడమేనని 2021 ఏప్రిల్ 28న హైకోర్టు చెప్పింది. ఇంగ్లండ్ కౌన్సిళ్లు మళ్లీ హాళ్లకు చేరాయి. పక్కనే ఉన్న వేల్స్ మాత్రం 2021లో సొంత చట్టం చేసుకుని సభ్యుల దూర హాజరును శాశ్వతం చేసింది. పూర్తి కౌన్సిల్ సమావేశాలు ప్రసారం చేయాలని, జనం పాల్గొనేందుకు ప్రతి కౌన్సిలూ ఒక ప్రణాళిక రాసుకోవాలని అదే చట్టంలో పెట్టింది.

మన దేశంలో మహారాష్ట్ర 2020 జులైలో పట్టణ సంస్థల సమావేశాలు వీడియోలో జరపాలని ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్‌కు ఆ పరీక్ష ఏడాది తర్వాత వచ్చింది. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగాయి. 150 డివిజన్లు, అందులో సగం మహిళలకు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. కరోనా రెండో అల మధ్యలో కొత్త కౌన్సిల్ తొలి సర్వసభ్య సమావేశం 2021 జూన్ 29న తెరమీదే జరిగింది. 5,600 కోట్ల రూపాయల బడ్జెట్ ఆ సమావేశంలోనే ఆమోదం పొందింది.

హాల్లో జరిగే కౌన్సిల్‌కూ తెరమీది కౌన్సిల్‌కూ తేడా ఒక చిన్న బొమ్మలో ఉంటుంది: మైకు మీద అడ్డగీత. హాల్లో సభ్యుడికి మైకు ఇవ్వకపోయినా గొంతెత్తవచ్చు, పోడియం దగ్గరికి పోవచ్చు, ప్లకార్డు పట్టుకోవచ్చు, గ్యాలరీలోని విలేకరి ఆ సంగతి రాస్తాడు. తెరమీద ఆ అడ్డగీతను తీసే వేలు అధ్యక్ష స్థానానిది. నెట్ నెమ్మదించిన సభ్యురాలు నోరు కదుపుతూ కనిపిస్తుంది, ఏం అడిగిందో మినిట్స్‌లో ఉండదు. సభ సజావుగా జరిగినట్టే ఉంటుంది, ప్రశ్న మాయమవుతుంది. ప్రతిపక్ష సభ్యులు ముఖాముఖి సమావేశం కోసం పట్టుబట్టడంలో న్యాయం ఉంది. 2021 నవంబరులో సర్వసభ్య సమావేశం జరపడం లేదంటూ బీజేపీ కార్పొరేటర్లు మేయర్ కార్యాలయంలోకి చొరబడడం, అక్కడ వస్తువులు ధ్వంసం కావడం మనం చూశాం. ఆ పద్ధతిని సమర్థించలేం. సభ ఆగిపోతే కోపం ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను మాత్రం తీసిపారేయలేం.

మరో వైపూ ఉంది. తెర వల్ల మేలు పొందగల సభ్యులు చాలామంది. నిండు గర్భిణి అయిన కార్పొరేటర్, చంటిపిల్ల తల్లి, వీల్‌చెయిర్‌లో ఉన్న సభ్యుడు, ఆస్పత్రిలో తండ్రికి కాపలా ఉన్నవాడు. హాలు తలుపు వీళ్లకు తెరిచే ఉన్నా అక్కడికి చేరడమే కష్టం. వీళ్ల హాజరు వాళ్ల శరీర బలం మీద, ఇంటి తీరిక మీద ఆధారపడకూడదు. కాబట్టి మహమ్మారి పోయిందని తెరను మూలన పడేయడం సరైన జవాబు కాదు. హాలూ తెరా రెండూ తెరిచి ఉంచి, ఏ దారిన వచ్చినా మాట విలువ ఒకటేనని నియమం రాయాలి.

రాయపూర్ పట్టిన దారి

కౌన్సిల్‌ను తెరమీదికి ఎలా ఎక్కించాలన్నది మహానగరాల బెంగ. ఛత్తీస్‌గఢ్ ఆ రోజుల్లో రెండో కొసను పట్టుకుంది: సేవ నడిచి ఇంటికి పోవాలి.

2020 నవంబరు 1న రాష్ట్రావతరణ దినోత్సవం నాడు రాయపూర్ సహా 14 నగరపాలక సంస్థల్లో 60 సంచార వైద్య వాహనాలు బయలుదేరాయి. డాక్టరు, పరీక్షల పరికరాలు, మందులు అన్నీ బస్సులోనే. మురికివాడ దగ్గర ఆగేవి, రోగులను అక్కడే చూసేవారు. నవంబరు 19న రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో 'దాయీ దీదీ క్లినిక్' వాహనాలు వచ్చాయి. వాటిలో డాక్టరు నుంచి సిబ్బంది దాకా అందరూ ఆడవాళ్లే. బస్తీలో ఆడవాళ్ల వ్యాధులు ముదిరేదాకా బయటపడకపోవడానికి ఆస్పత్రి దూరం ఒక కారణమైతే, మగ డాక్టరుతో చెప్పుకోలేకపోవడం మరో కారణం. ఈ బండి రెండు దూరాలనూ ఒకేసారి తగ్గించింది. దూరమంటే కిలోమీటర్లే అనుకునేవాళ్లకు ఇలాంటి బండి కట్టాలని తట్టదు.

2022 మే 1న 'ముఖ్యమంత్రి మితాన్' పథకం అవే 14 నగరాల్లో మొదలైంది. మితాన్ అంటే వాళ్ల భాషలో ప్రాణస్నేహితుడు. 14545కు ఫోను చేసి ఏ సర్టిఫికెట్ కావాలో, ఎప్పుడు ఇంట్లో ఉంటారో చెప్పేవారు. చెప్పిన వేళకు మితాన్ ట్యాబ్‌తో వచ్చేవాడు. కాగితాలు గడపలోనే ఫొటో తీసి దరఖాస్తు పెట్టేవాడు. కులం, ఆదాయం, జననం, మరణం, వివాహం ఏదైనా సరే, సిద్ధమయ్యాక తెచ్చి చేతిలో పెట్టేవాడు. మొదలైనప్పుడు రుసుము 50 రూపాయలు. మంచం దిగలేని ముసలమ్మకు, రెండు పూటలా ఇళ్లలో పనిచేసే మనిషికి ఇది ఎంత వెసులుబాటో చెప్పనక్కర్లేదు. మూలసూత్రం మళ్లీ అడవి ఫోను నేర్పిందే: చేతిలో ఉన్న ఫోను, తెలిసిన భాష, జవాబు చెప్పే మనిషి.

అయితే ఒకటి గమనించాలి. వార్డు కార్యాలయం, 1100, మితాన్, మన సచివాలయాలు ఇవన్నీ జనానికి సేవను దగ్గర చేశాయి. నిర్ణయం మాత్రం సామాన్య సభలోనే ఉండిపోయింది. నా ఇంటికి సర్టిఫికెట్ వచ్చింది, మా వాడకు మురుగుకాల్వ ఎందుకు రాలేదో అడిగే చోటు రాలేదు. కాల్వ ఏ వార్డుకు ముందు, ఏ వార్డుకు వెనక అన్నది బడ్జెట్ రోజున తేలుతుంది. ఆ రోజు బస్తీ అక్కడ ఉండదు.

తెర పక్కన కూర్చున్నది ఎవరు?

దూరసభను మొత్తంగా మెచ్చుకునేముందు రెండు నిజాలు చూడాలి.

మొదటిది, తెర అందరి చేతిలో లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు మూడింట ఒక వంతు, మగవాళ్లు 57 శాతం. తెలంగాణ మహిళల్లో ఇది 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 21 శాతం. ఐటీకి పేరుపడ్డ రాష్ట్రాల లెక్క ఇది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కానీ చాలా ఇళ్లలో ఫోను మొగుడిదో కొడుకుదో. లింక్ పంపి రమ్మంటే వచ్చేది ఎవరో ముందే తేలిపోయింది.

రెండోది, కుర్చీ ఒకరిది, మాట మరొకరిది కావడం. 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా పంచాయతీలో ఎన్నికైన ఆరుగురు మహిళల బదులు వాళ్ల భర్తలు ప్రమాణం చేశారు. వీడియో బయటికి వచ్చి దుమారం రేగింది, పంచాయతీ కార్యదర్శి సస్పెండయ్యాడు. బహిరంగ సభలో నలుగురి ముందు జరిగిందే ఇది. ఇక ఇంట్లో కెమెరా ముందు కూర్చున్న సభ్యురాలి పక్కన ఎవరున్నారో, ఎవరు చెబితే చెయ్యెత్తిందో తెర చూపించదు. అదే వీడియో వల్లే ఈ తప్పు దేశానికి తెలిసిందన్నదీ నిజమే. కెమెరా సభ్యురాలి వైపు మాత్రమే తిరిగితే భర్త దాక్కుంటాడు, సభ మొత్తం జనం వైపు తిరిగితే భర్త దొరికిపోతాడు. సాధనం ఒకటే, ఎవరికి చూపిస్తున్నామన్నదే ప్రశ్న.

ఈ దిగులు మధ్య ఒక మార్పు సంతోషం కలిగిస్తుంది. 2019 ఎన్నికల తర్వాత ఛత్తీస్‌గఢ్ నగరాల మేయర్లను పార్షద్‌లే ఎన్నుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ హక్కు మళ్లీ ఓటరుకు దక్కింది, రాయపూర్ మేయర్ పదవి మహిళకు కేటాయించారు. అంతకుముందు అదే సభలో ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్న మీనల్ చౌబే లక్షన్నర పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. 2010లో మేయరైన కిరణ్మయి నాయక్ తర్వాత ఆ కుర్చీలో మరో మహిళ. సభలో నిలబడి ప్రశ్నలు అడిగిన మనిషి అదే సభకు జవాబు చెప్పే చోటికి చేరడం ప్రజాస్వామ్యం బతికున్న ఊళ్లలోనే జరుగుతుంది.

మిగిలిన పని

యాభై ఏళ్ల ఈ కథలో ప్రతి మలుపులోనూ ఒకటే జరిగింది. పంపే యంత్రం ముందొచ్చింది, వినే ఏర్పాటు ఆలస్యంగా వచ్చింది. సైట్ 1975లో వస్తే అడవి మనిషి గొంతు 2010లో వినిపించింది. కౌన్సిల్ 2020లో తెర ఎక్కింది, బస్తీ గొంతు కౌన్సిల్‌కు చేరే రోజు ఇంకా రావాలి. ఈసారి ముప్పై అయిదేళ్లు ఆగాల్సిన పనిలేదు. కావలసిన ముక్కలన్నీ వేర్వేరుచోట్ల కనిపెట్టి, వాడి, నిగ్గుదేల్చినవే.

సామాన్య సభ రోజున ప్రతి వార్డు కార్యాలయంలో, మన దగ్గరైతే ప్రతి వార్డు సచివాలయంలో ఒక తెర, ఒక మైకు పెట్టాలి. ఇంట్లో నెట్ లేనివాళ్లు నడిచివచ్చి వింటారు, ముందే పేరిచ్చినవాళ్లు రెండు నిమిషాలు మాట్లాడతారు. రాలేనివాళ్లకు 1100 లాంటి నంబరులోనే ఇంకో మీట చాలు: రేపటి సభకు మీ మాట రికార్డు చేయండి. ఛత్తీస్‌గఢీలో అన్నా, గోండిలో అన్నా, రైల్వే కాలనీ నుంచి తెలుగులో అన్నా సభ దాన్ని వినాలి. పేదవాడల నుంచి, మహిళల నుంచి వచ్చిన మాటలను ముందు వినే వరస నియమంగా రాసుకోవాలి, లేకపోతే గట్టిగా అరిచేవారే మొదటి వరసలో ఉంటారు. ప్రతి ప్రశ్నకు ఏ అధికారి జవాబుదారీయో చెప్పి, తర్వాతి సభలో ఏం జరిగిందో చదవాలి. సభ్యుల మైకును అధ్యక్ష స్థానం ఆపితే ఎప్పుడు, ఎందుకు ఆపిందో మినిట్స్‌లోకి ఎక్కాలి. వేల్స్ లాగా చట్టంలోనే ఇవన్నీ రాస్తే, మేయరు మారినా, పార్టీ మారినా ఆగవు.

దీనికి పెద్ద ఖర్చు లేదు, కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. 70 వార్డులకు 70 తెరలు. కోళ్లగూటి వలతో ఆకాశాన్ని అందుకున్న నేలకు ఇది అలవికాని పని ఎలా అవుతుంది? కావలసింది సభలో ఒక తీర్మానం. దాన్ని ప్రతిపాదించే మొదటి పార్షద్ ఎవరైనా, ఏ పార్టీవారైనా, వారి పేరు ఈ కథలో చేరుతుంది. రాయపూర్ ముందు చేస్తే హైదరాబాద్, విశాఖ, విజయవాడ దాన్ని చూసి నేర్చుకోవాలి. మనమే ముందు చేస్తే ఇంకా మంచిది.